రెండు మార్కుల జబ్బు

ఆఫ్రీన్‌కు నెత్తురంటే భయం ఏనాడూ లేదు. బోధన్ పాత బజారులో వాళ్ల నాన్న ఉస్మాన్‌ది మటన్ దుకాణం. మేకను పడుకోబెట్టి మెడ కోయడం, నెత్తురంతా కారాక కొక్కేనికి తగిలించి తోలు వలవడం, పొట్ట చీల్చి పేగులు తొట్టిలోకి జార్చడం చూస్తూ పెరిగిన పిల్ల. ఒకరోజు తండ్రి కలేజీని, అంటే మేక కాలేయాన్ని, అడ్డంగా కోస్తే లోపలి గొట్టాల్లోంచి ఆకుల్లాంటి చదును పురుగులు బయటికొచ్చాయట. బతికే ఉన్నాయి. మొద్దు మీద మెల్లగా ముడుచుకుంటున్నాయి. ఉస్మాన్ ఆ కలేజీని పక్కన పడేసి కత్తి కడుక్కున్నాడు. ఇవెక్కడి నుంచి వచ్చాయని ఈమె అడిగింది. "నాకేం తెలుసు? చదువుకుని నువ్వే చెప్పు" అన్నాడాయన. ఊరికే అన్న మాటే. ఈమె మాత్రం దాన్ని పట్టుకుంది.

నిజామాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు ఆ పురుగు పాఠంగానే ఎదురైంది. చెరువు గట్టు నత్తలోంచి గడ్డి మీదికి, గడ్డిలోంచి మేక కాలేయంలోకి దాని ప్రయాణమంతా బోర్డు మీద బొమ్మ గీశారు. ఆఫ్రీన్ లేచి, మేడమ్, ఇవి మా దుకాణంలో ఉంటాయని చెప్పింది. క్లాసంతా నవ్వింది. "జవాబులో అది రాయకమ్మా, మార్కులు పోతాయి" అన్నారు మేడమ్. నాకు ఆ మాట చెప్పేటప్పుడు ఆఫ్రీన్ నవ్వేది కాదు.

మేమిద్దరం బోధన్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పనిచేస్తున్నాం. ఆమె జువాలజీ, నేను బాటనీ. నా పేరు కల్యాణి. మాది క్యాంపు, మా తాతలు కాలువ నీళ్ల కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నవాళ్లు. స్టాఫ్ రూములో మా బల్లలు పక్కపక్కనే. ఆమె ప్రాక్టికల్ రోజున తండ్రి దుకాణం నుంచి మేక గుండె, మూత్రపిండాలు స్టీలు డబ్బాలో పట్టుకొచ్చేది. పిల్లల చేత గుండె గదుల్లోకి వేలు పెట్టించేది. రక్తనాళాన్ని నొక్కి పట్టుకుని, ఒక పక్క నుంచి నీళ్లు పోయించి, వదిలితే ఎంత దూరం చిమ్ముతాయో చూపించేది. కొందరు పిల్లలకు వాంతులయ్యాయి. తల్లిదండ్రులు ఫోన్లు చేశారు. ప్రిన్సిపాల్ జగ్గారావు గారు ఆమెను పిలిచి, "అమ్మా, సిలబస్సు అవ్వలేదు, పరీక్షలు నెత్తి మీదున్నాయి. ఈ గుండెకాయలు మనకెందుకు? గోడకు చార్టులున్నాయిగా" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఫలితాలు తగ్గితే మరుసటి ఏడు అడ్మిషన్లు ఉండవు. డబ్బా రావడం ఆగిపోయింది. అందరిలాగే ఆమె కూడా గైడు ముందు పెట్టుకుని ముఖ్యమైన ప్రశ్నలకు గుర్తులు పెట్టించింది.

ఆ బ్యాచ్‌లో అందరికన్నా తెలివైనవాడు రాజేందర్. మంజీర నది పక్క ఊరు. ఊరి పేరు రాయను, కేసు ఇంకా నడుస్తోంది. అన్నతో కలిసి పొద్దున చెరకు తోటలో పనిచేసి, బస్సెక్కి కాలేజీకి వచ్చేవాడు. కళ్లు మూసుకుని పేజీలకు పేజీలు అప్పజెప్పగలడు. వాడి పేపరు దిద్దేటప్పుడు ఎర్ర పెన్నుకు పనుండదని ఆఫ్రీన్ అనేది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చి, వచ్చాక వెనక్కి పోలేదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మా వైపు చెరకు తగ్గిన మాట నిజమే కానీ, మంజీర దగ్గర ఇంకా వేస్తారు. తోటల్లో మడమలు మునిగేంత నీళ్లు నిలిచాయి. రాజేందర్ ఊళ్లో ముందు ఒక కూలీ జ్వరంతో పడుకుని లేవలేదు. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత రాజేందర్ అన్నకు వచ్చింది. కళ్లు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. పిక్కలు ముట్టుకుంటే అరిచేవాడట. ఒళ్లు పసుపు పూసినట్టయింది, మూత్రం నల్లగా వచ్చింది. చివరికి పక్క మీదే నెత్తురు కక్కుకుని పోయాడు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు ఎక్కించారు తప్ప పెద్దాసుపత్రికి తీసుకెళ్లలేదు.

ఆ ఊళ్లో తోటల అంచున భూమవ్వ అనే ముసలామె ఉండేది. కొడుకు వేణు లారీలకు చెరకు ఎత్తే కూలీ. భూమవ్వ పిల్లలకు దిష్టి తీసేది, కడుపునొప్పికి ఏవో ఆకులు నూరి ఇచ్చేది. చనిపోయిన ముగ్గురిలో ఇద్దరితో ఆమెకు అంతకుముందు మాటలయ్యాయి. ఆమె మేక తోటలో పడిందని రాజేందర్ అన్న తిడితే, "నీ కడుపు కాల" అందట. ఆమే చేతబడి చేసిందనడానికి ఊరికి అంతకంటే సాక్ష్యం అక్కరలేకపోయింది.

భూమవ్వ సంగతి మాకు తెలియదు. అన్న కామెర్లై నెత్తురు కక్కుకుని పోయాడని విని రాజేందర్‌ను పలకరించడానికి ఆఫ్రీన్ స్కూటీ మీద ఇద్దరం బయల్దేరాం. మధ్యాహ్నం. ఎండ కాస్తోంది. ఊరి మొగదలకే కేకలు వినిపించాయి. పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా గుమిగూడి ఉంది. దావతేమో అనుకున్నాను నేను.

కరెంటు స్తంభానికి భూమవ్వను చెరకు మోపులు కట్టే తాడుతో కట్టేశారు. చీర నడుం దాకా జారిపోయింది. జుట్టు సగం గొరిగారు, తల మీద గాట్ల నుంచి నెత్తురు చెవుల్లోకి కారుతోంది. ఒకడు చెప్పుతో ఆమె నోటి మీద కొడుతున్నాడు. కొట్టి అలసిపోయి పక్కకు జరిగితే ఇంకొకడు వస్తున్నాడు. పళ్లు ఊడగొడితే మంత్రం పలకదని ఒక నమ్మకం. రాజేందర్ చిన్నాన్న చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. భూమవ్వ దవడ రెండు చేతులతో విడదీసి పట్టుకున్నది రాజేందర్. మేం చూస్తుండగానే చిన్నాన్న ముందు పన్ను పట్టి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. భూమవ్వ అరుపు నోట్లోని నెత్తురులో బుడగలైంది.

నేను గోడ పక్కకు జరిగి పోలీసులకు ఫోన్ చేశాను. ఆఫ్రీన్ స్కూటీకి స్టాండు కూడా వేయకుండా వదిలేసింది. అది నా పక్కనే దబ్బున పడింది. ఆమె మనుషులను మోచేతులతో తోసుకుంటూ స్తంభం దాకా వెళ్లి, చిన్నాన్న చేతికీ భూమవ్వ నోటికీ మధ్య తన చెయ్యి పెట్టింది.

"గీమె ఎవలు? నడిమిట్ల ఎందుకొచ్చింది?"

"కసాబ్ ఉస్మాన్ బిడ్డ. మనోనికి కాలేజీల సార్లెక్క సెప్తది."

"ఇడ్వుండ్రి అవ్వను" అంది ఆఫ్రీన్. "మీ పిలగాన్ని సంపింది అవ్వ గాదు. ఎలుకలు."

కొందరు నవ్వారు.

"నవ్వకుండ్రి, జర ఇనుండ్రి. ఎలుక ఉచ్చల జబ్బు ఉంటది. అది తోటల నిలవడ్డ నీళ్లల్ల కలుస్తది. మీరు వట్టి కాళ్లతోని దిగుతుండ్రు. కాళ్లకు పగుళ్లుంటయి, చెరుకాకు కోసిన గాట్లుంటయి. ఆడికెల్లి లోపలికి పోతది."

"మా తాతల కాడికెల్లి దిగుతున్నం" అన్నాడు చిన్నాన్న. "ఇన్నేండ్లు ఉచ్చ పోయని ఎలుకలు గిప్పుడే పోసినయా?"

జవాబు చెప్పినా ఆ గోలలో వినేవాళ్లు లేరు. ఆమె రాజేందర్ వైపు తిరిగింది. వాడి వేళ్లు ఇంకా భూమవ్వ దవడ మీదే ఉన్నాయి, చెమటకు, నెత్తురుకు జారుతున్నాయి.

"రాజేందర్. లెప్టోస్పైరా అంటే ఏంది? రెండు మార్కుల ప్రశ్న. చెప్పు."

వాడు మొదట ఆమె ముఖం చూడలేదు. తర్వాత, అలవాటు కొద్దీ అనుకుంటాను, నోరు దానంతటదే తెరుచుకుంది. "సర్పిలాకార బాక్టీరియా. ఎలుకలు వాహకాలు. వాటి మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా వ్యాపిస్తుంది. జ్వరం, కళ్లు ఎరుపెక్కడం, పిక్కల నొప్పి, కామెర్లు, రక్తస్రావం దీని లక్షణాలు."

వాడి గొంతు క్లాసులో ఉన్నట్టే ఉంది.

"మీ అన్నకు కండ్లు ఎర్రగైనయా?"

"అయినయ్."

"పిక్కలు గుంజినయా?"

"గుంజినయ్ మేడమ్."

"నెత్తురు కక్కిండు. పసిరికలైనయ్. మరి?"

రాజేందర్ ఏడుస్తున్నాడు. "అది పరీక్ష మేడమ్" అన్నాడు. "గిది మా అన్న."

వెనక నుంచి ఎవడో దుడ్డుకర్రతో ఆఫ్రీన్ భుజం మీద కొట్టాడు. మెడకింది ఎముక విరిగి ఆమె మోకాళ్ల మీద కూలింది. ఆమె కళ్ల ముందే చిన్నాన్న ఇంకో పన్ను పీకాడు. దాన్ని నేల మీద పడేసి చెప్పుతో తొక్కాడు.

వేణుకు ఎవరు చెప్పారో తెలియదు. తోటలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో చెరకు నరికే కత్తి అలాగే ఉంది. వస్తూ వస్తూ ఏమీ మాట్లాడలేదు. తల్లి దవడ పట్టుకున్న చేతిని చూశాడు, దాన్ని నరికాడు. రాజేందర్ జబ్బ లోపలి వైపు కండ తెగి తెరుచుకుంది. నెత్తురు కారలేదు, చిమ్మింది. ఒక్కో గుండె దెబ్బకు ఒక్కో చిమ్ము, భూమవ్వ ముఖం మీద, స్తంభం మీద. వేణు రెండోసారి కత్తి ఎత్తాడు. చిన్నాన్న చెవి, చెంప కలిపి తెగాయి. అప్పుడు జనం చెదిరి, మళ్లీ కమ్ముకున్నారు.

ఆ గుంపులో మా కాలేజీ పిల్లలు ఇంకొందరు ఉన్నారు. ఆ నాళం పేరేమిటో, గుండె నుంచి ఎలా వస్తుందో అడిగితే బొమ్మ గీసి చూపిస్తారు. ఒక్కడు కూడా చెయ్యి వేయలేదు. ఒకడు గుప్పెడు పసుపు కోసం ఇంట్లోకి పరిగెత్తాడు.

ఆఫ్రీన్ మోకాళ్ల మీదే పాక్కుంటూ వెళ్లింది. విరిగిన వైపు చెయ్యి లేవడం లేదు. చున్నీని ఉండ చేసి గాయంలోకి కుక్కి, బాగున్న చేతి బొటనవేలితో నాళాన్ని ఎముకకు అదిమి, దాని మీద తన మోకాలు కూడా వేసి నొక్కింది. రాజేందర్ కేక పెట్టి తన్నుకున్నాడు. "కదలకు. కదిలితే పోతవ్" అంది. చిమ్ము ఆగింది.

ఆమెకు కాస్త అవతలే వేణును కింద పడేశారు. కత్తి లాక్కుని దూరంగా విసిరారు. చంపడానికి కత్తి అవసరం లేదనుకున్నారేమో. కర్రలు, కాళ్లు, చివరికి పంచాయతీ గోడకు పేర్చిన ఇటుకలు. వేణు మొదట చేతులు అడ్డం పెట్టుకున్నాడు, తర్వాత చేతులు పనిచేయలేదు. తల్లి వైపే చూస్తున్నాడు. "మేడమ్" అన్నాడొకసారి ఆఫ్రీన్‌తో, ఆమె ఎవరో తెలియకపోయినా. ఆఫ్రీన్ చూసింది. ఆమె కేకలు పెట్టింది, తిట్టింది, ఉర్దూలో అల్లా పేరు చెప్పి బతిమాలింది. బొటనవేలు మాత్రం తీయలేదు. తీస్తే మోకాలి కింద ఉన్నవాడు పోతాడు. ఒక ఇటుక వేణు కణత మీద పడింది. ఆ తర్వాత కొట్టినవాళ్లు కొట్టింది శవాన్ని.

నేను వాళ్లు విసిరేసిన కత్తి తెచ్చి భూమవ్వ తాడు కోశాను. ఆ గొడవలో నన్నెవరూ పట్టించుకోలేదు. ఆమె నా మీదికి ఒరిగింది. ఎంత తేలికగా ఉందో. పోలీసు జీపు, వెనకే అంబులెన్సు వచ్చేసరికి గుంపు తోటల్లోకి కలిసిపోయింది. అంబులెన్సులో కూడా ఆఫ్రీన్ వేలు తీయలేదు. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో డాక్టరు ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

రాజేందర్ బతికాడు. వాడి రెండు వేళ్లకు ఇప్పటికీ స్పర్శ లేదు.

భుజానికి కట్టు కట్టించుకున్న మర్నాడే ఆఫ్రీన్ డాక్టర్ల వెంటపడింది. ఆ ఊళ్లో జ్వరాలున్నాయి, నెత్తురు పరీక్ష చేయండని. ఒక డాక్టరు ఆమె మాట విని మనుషులను పంపించాడు. చాలామందికి అదే జబ్బు తేలింది. మందులు మామూలు మాత్రలే, ఏ దుకాణంలోనైనా దొరికేవి. పోలీసులకు భయపడి తోటల్లో దాక్కున్నవాళ్లలో ఇద్దరు జ్వరం ఆగక బయటికొచ్చారు. వేణు మీద ఇటుక వేసినవాడు వాళ్లలో ఒకడు. వాడికి మాత్ర మింగించేటప్పుడు ఆఫ్రీన్ అక్కడే ఉంది. పేరు అడిగి, ముఖం గుర్తుపట్టి, రోజూ వేసుకోవాలని చెప్పి, బయటికొచ్చి వాడెక్కడున్నాడో పోలీసులకు చెప్పింది.

తర్వాత కోర్టులో సాక్ష్యం. రాజేందర్ పేరు కూడా చెప్పింది, దవడ ఎలా పట్టుకున్నాడో చేతులతో చూపించింది. ఆ సాయంత్రం రాజేందర్ తల్లి ఉస్మాన్ దుకాణం ముందుకొచ్చి కూర్చుంది.

"నువ్వే పానం పోస్తివి, నువ్వే జైల్ల ఏయిస్తివి. గదేం న్యాయం బిడ్డా?"

"రెండూ నేనే చేసిన అక్కా" అంది ఆఫ్రీన్. "రెండూ చెయ్యవడ్తది." ఉస్మాన్ లోపలి నుంచి నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగింది, కానీ లేవడానికి చాలాసేపు పట్టింది.

కాలేజీలో ఈ విషయం ఎత్తొద్దన్నారు. సెమిస్టర్ మొదలయ్యే ముందు మీటింగులో జగ్గారావు గారు, "జరిగింది ఊళ్లో, కాలేజీకి సంబంధం లేదు" అన్నారు. ఆఫ్రీన్ కూర్చునే మాట్లాడింది. భుజం ఇంకా నొప్పి పెడుతోంది.

"సార్, వాడు మన కాలేజీ ఫస్టు. నేను అడిగితే తప్పు లేకుండ చెప్పిండు, చేతిల ముసలామె దవడ పట్టుకొని. వానికి నేను ఏం నేర్పిన?"

"మూఢనమ్మకానికి మనం బాధ్యులమా అమ్మా?"

"మనం చెప్పింది వానికి వాళ్లింటి సంగతని ఎన్నడన్న తెల్వనిచ్చినమా సార్? నత్త బోర్డు మీద ఉంది. ఎలుక బోర్డు మీద ఉంది. వాని తోటల లేదు. డిగ్రీ చదివిన పిలగానికి తెగిన నరం ఆపరాదు. ఇంట్ల మనిషి సస్తే ఎందుకు సచ్చిండని అడగరాదు. తెల్వకుంటే తెల్వదనుడు రాదు. తెల్వదని ఊకున్నా ఆ అవ్వ పండ్లు ఉండేటియి, వేణు ఉండేటోడు."

"మరి పరీక్షలో ఏం రాస్తారు?"

"అవి గూడ రాస్తరు. రాయించనా మరి, ఇన్నేండ్లు రాయిస్తలేనా?"

జగ్గారావు గారు టేబుల్ మీద పేపర్లు సర్దుకున్నారు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. స్టీలు డబ్బా మళ్లీ రావడం మొదలైంది.

ఇప్పుడు మొదటి సంవత్సరం పిల్లలకు ఆమె మొదటి క్లాసు ఇలా ఉంటుంది. మీ ఇంట్లో చివరగా ఎవరు పోయారు, దేనితో పోయారని అడుగుతుంది. గుండెపోటంటారు, గాలి తగిలిందంటారు, ఎవరో ఏదో పెట్టారంటారు. ఆమె ఎవరినీ వెక్కిరించదు. మీకెట్ల తెలుసు, అంటుంది. ఆ ఒక్క ప్రశ్న మీదే వారాలు గడుస్తాయి. నవీపేట్ నుంచి వచ్చే త్రివేణి అనే పిల్ల, తన తమ్ముడు పాము కాటుతో పోయాడనుకున్నది నిజానికి పురుగుమందు తాగి పోయాడని ఇంట్లో అడిగి అడిగి తెలుసుకుంది. వాళ్ల నాన్న ఆ పిల్లను చెంప మీద కొట్టి, తర్వాత ఏడ్చాడట. ఆ సంగతి విని ఆఫ్రీన్ రెండు రోజులు పాఠం చెప్పలేదు. అడిగించడం తప్పేమోనని నాతో అంది. మూడో రోజు త్రివేణే స్టాఫ్ రూముకొచ్చి, క్లాసు ఎప్పుడు మేడమ్ అని అడిగింది.

పిల్లలకు గమ్‌బూట్లు వేయించి చెరకు తోటలకు తీసుకెళ్తుంది. ఎలుకల బోనులు పెడతారు, కూలీల కాళ్ల గాట్లకు ఏం కట్టాలో చూపిస్తారు. ఒక ఊళ్లో కుక్కల్ని ఉసిగొల్పారు. ఇంకో ఊళ్లో చాయ్ ఇచ్చారు. కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని వేరే కాలేజీలో చేర్చారు, ఆ సంగతి జగ్గారావు గారు నెలకోసారైనా గుర్తుచేస్తారు.

భూమవ్వ ఆ ఊళ్లో ఉండలేకపోయింది. కందకుర్తిలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది. మొన్న ఆదివారం ఆఫ్రీన్, నేను వెళ్లాం. ఆమె గుమ్మంలో కూర్చుని అంబలి తాగుతోంది. పళ్లు లేని నోరు లోపలికి పోయింది. మాటలు సరిగా పలకవు, దగ్గరగా వంగి వినాలి. నన్ను గుర్తుపట్టలేదు. ఆఫ్రీన్‌ను చాలాసేపు చూసింది.

"నా కొడుకును సంపేటప్పుడు నువ్వు ఆడనే ఉన్నవ్ గద బిడ్డా?"

"ఉన్న అవ్వా."

"మరి ఆ పోరడెట్ల బతికిండు?"

"నా చెయ్యి వాని మీద ఉండె."

భూమవ్వ గిన్నె కింద పెట్టింది. ఆఫ్రీన్ కుడి చెయ్యి పట్టుకుని బొటనవేలును తడిమింది, ఏదో వెతుకుతున్నట్టు. తర్వాత ఆ చేతిని మెల్లగా ఆమె ఒళ్లోనే పెట్టేసింది.

"ఇంక రాకు బిడ్డా" అంది. "నువ్వు చెడ్డదానివి గావు. నిన్ను సూస్తే నాకు వాడు యాదికొస్తడు."

"సరే అవ్వా" అంది ఆఫ్రీన్.

తిరిగొచ్చేటప్పుడు బండి నేను నడిపాను. దారి పొడవునా చెరకు కోతలు నడుస్తున్నాయి, కూలీలు వట్టి కాళ్లతో బురదలో నిలబడి ఉన్నారు. ఒక తోట దగ్గర ఆఫ్రీన్ ఆపమంది. దిగి, గట్టు మీద నిలబడి, మేస్త్రీని కేకేసి, ఇక్కడ జ్వరాలున్నాయా అని అడిగింది. లేవన్నాడు. నమ్మలేదు. గట్టు దిగి కూలీల వైపు నడిచింది.